మూడో మీటరులో సున్నా

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప మరెక్కడా కనపడదు. ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి గేటు వాచ్‌మన్ దాకా అందరికీ ఆవిడ మీటరక్కే. మా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబు అసిస్టెంటు. ఇరవై మూడేళ్లుగా అదే గది, అవే ఆరు చెక్కబల్లలు, అదే ఇనుప బీరువా. నేను పక్క గదిలో ఫిట్టింగ్ షాపు చూస్తాను. పిల్లల చేత ఇనుప ముక్కల్ని ఆకురాయితో అరగదీయించడం నా ఉద్యోగం. మా రెండు గదులకూ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్కల అడ్డు. అందుకని ఆవిడ ల్యాబులో చీమ చిటుక్కుమన్నా నాకు వినపడుతుంది. నా గదిలో చప్పుడుకు ఆవిడ చెవులు చిల్లులు పడతాయి. ఈ విషయం మీద రోజుకు ఒక్కసారైనా తిట్టుకుంటాం. ఆ తిట్లు లేని రోజు ఇద్దరికీ ఏదో వెలితిగా ఉంటుంది.

వాళ్ల నాన్నకు రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. తొమ్మిదేళ్ల వయసులోనే ఆవిడ సోల్డరింగ్ కడ్డీ పట్టుకుంది. ఎడమచేతి బొటనవేలి మీద ఆనాటి కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఐటీఐలో నలభై మందిలో తనొక్కతే ఆడపిల్ల. పాఠం చెప్పే మాస్టారు "బాబులూ" అని మొదలెట్టేవాడట. రెండేళ్లూ తను కూడా బాబుగానే చెలామణి అయ్యానని నవ్వుతూ చెప్పేది. భర్త స్కూలు వ్యాను నడుపుతాడు. కూతురు పదో తరగతి. ఇంట్లో అత్తగారు ఉంది. ఆవిడకు కోపం వస్తే కోడల్ని "ఇంజినీరమ్మా" అంటుంది, ఫ్యాను ఆగిపోతే మాత్రం "తల్లీ" అంటుంది.

పనిలో మీటరక్క చెయ్యి అంత శుభ్రమైన చెయ్యి నేను చూడలేదు. ఏ వైరు ఎక్కడిదో కళ్లు మూసుకుని చెప్పగలదు. టేపు చుట్టినా కొసను కొంచెం వెనక్కి మడిచి వదిలేది. మళ్లీ విప్పాల్సిన వాడికి గోరు దొరకాలని వాళ్ల నాన్న నేర్పాడట. నాకు తెలిసి ఆ కొస మడిచే అలవాటు ఇంకెవరికీ లేదు.

మొదటి ఏడాది వాళ్లు ఆ ల్యాబులో చేసే తొలి ప్రయోగం కిర్కాఫ్ నియమాలు సరిచూడడం. వినడానికి పెద్ద మాటలా ఉంటుంది కానీ, సంగతి చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. మూడు తీగలు కలిసే చోట, ఒక తీగలోంచి ఎంత కరెంటు లోపలికి వస్తుందో, మిగతా రెండింట్లోంచీ కలిపి అంతే బయటికి పోవాలి. దారిలో మాయమవకూడదు, కొత్తగా పుట్టకూడదు. అది మొదటి నియమం. రెండోది వోల్టేజీది. ఒక చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చేసరికి, మనం పెట్టిన వోల్టేజీ మొత్తం దారిలో ఉన్న రెసిస్టర్ల దగ్గర ఖర్చయిపోయి ఉండాలి. దీనికోసం ఒక నల్లటి పలక ఉంది. పైన సాకెట్లు, లోపల మూడు రెసిస్టర్లు. పన్నెండు వోల్టులిచ్చి, మీటర్లు తగిలించి, చూసిన అంకెలు రికార్డులో రాసుకోవాలి.

రావలసిన అంకెలు బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం మీద ఉండేవి. మీటరక్క గుండ్రటి చేతిరాత. లోపలికి పదిహేను మిల్లీ ఆంపియర్లు. బయటికి ఒక తీగలో అయిదు, ఇంకోదాంట్లో పది. ఆ కాగితం పోల్చి చూసుకోవడానికని పెట్టింది. పిల్లలు పోల్చి చూసుకోవడం ఎప్పుడో మానేశారు. నేరుగా ఎక్కించుకునేవారు. మరీ అచ్చుగుద్దినట్టుంటే బాగోదని ఒకడు పద్నాలుగున్నర, ఇంకొకడు పదిహేనుంపావు రాసేవాడు. ఆవిడకు ఇది తెలియక కాదు. అరవై మంది, ఆరు బల్లలు, రెండు గంటలు. చూసీ చూడనట్టు పోయేది.

మూడో తీగలో పెట్టే మీటరు కదలట్లేదని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు అనేవారు. "ఆ మీటరు మొండిది నాయనా. నెత్తిమీద ఒక్కటివ్వు, లేకపోతే కాగితం చూసి రాసెయ్యి" అనేది మీటరక్క. ఆ మాట చెక్కల అడ్డులోంచి నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పాత మీటర్లు. మొండివి కూడా ఉంటాయి కదా అనుకున్నాను నేనూ.

ఈ ఏడాది రెండో పూట బ్యాచిలో ఒక లైన్‌మన్ చేరాడు. నలభై రెండేళ్లుంటాయి. ఇరవై ఏళ్లుగా కరెంటు స్తంభాలెక్కిన మనిషి. డిప్లొమా ఉంటేనే పై ఉద్యోగం ఇస్తామన్నారని, తన కొడుకు వయసు పిల్లల పక్కన కూర్చుంటున్నాడు. చదవడం కష్టంగానే ఉండేది కానీ, వైరు ముట్టుకుంటే అతని వేళ్లకు ఎక్కడలేని ప్రాణం వచ్చేది.

ఒకనాటి మధ్యాహ్నం అతని వంతు వచ్చింది. అన్నీ కలిపాడు, స్విచ్చేశాడు. కాసేపటికి అతని గొంతు వినపడింది.

"అక్కా, ఒకసారి ఇలా వస్తారా? మూడోదాంట్లో వోల్టేజీ తొమ్మిది చూపిస్తోంది. కరెంటు మాత్రం సున్నా."

"ఆ మీటరు మొండిది తమ్ముడూ, ఒక్కటివ్వు."

"ఇచ్చానక్కా. స్తంభం మీద ఇలా కనపడితే మేమైతే ఒక్కటే అంటాం, లైను తెగిందని."

"ఇరవై మూడేళ్ల నుంచి చూస్తున్నాను ఆ పలకను. తెగడానికి అందులో ఏముంది?" అని ఆవిడ నవ్వింది.

లైన్‌మన్ వాదించలేదు. రెండో మీటరు తీసి మూడో చోట పెట్టాడు, మూడోది తీసి రెండో చోట పెట్టాడు. మళ్లీ స్విచ్చేశాడు. ఇన్నేళ్లూ మొండిదని పేరుపడ్డ మీటరు ముల్లు చటుక్కున లేచి ఏడున్నర దగ్గర నిలబడింది. మంచిదనుకున్న మీటరు మూడో చోట సున్నా మీదే కూర్చుంది.

"మీటరు మొండిది కాదక్కా" అన్నాడు నెమ్మదిగా. "పాపం, అది నిజమే చెప్తోంది."

నా గదిలో ఆకురాళ్ల చప్పుడు ఎందుకో ఆ క్షణంలోనే ఆగింది. రెండు నిమిషాల తర్వాత మీటరక్క నా గుమ్మంలో నిలబడింది.

"నీ దగ్గర సన్న స్క్రూడ్రైవరుందా? నాది అరిగిపోయింది. పలక విప్పాలి."

నేనూ వెంట వెళ్లాను. వెనకరేకుకు నాలుగు స్క్రూలు. తుప్పుపట్టి మొరాయించాయి. రేకు తీసేసరికి లోపల వేలి మందాన దుమ్ము. పాలిథిన్ కాగితంలా ఎండిపోయిన సాలెగూడు. మొదటి రెసిస్టరు బాగుంది. రెండోదీ బాగుంది. మూడోదాని ఒక కాలు మాత్రం అతికిలేదు. తీగను కొక్కేనికి ఒక్క చుట్టు చుట్టి, పైన పసుపు టేపు వేసి ఉంది. ఆ చుట్టు ఎప్పుడో ఊడిపోయింది. టేపులోపల కాలు ఒకవైపు, కొక్కెం ఒకవైపు, మధ్యలో బియ్యపుగింజంత ఖాళీ.

టేపు కొస కొంచెం వెనక్కి మడిచి ఉంది.

ఆవిడ దాన్ని గోటితో పట్టుకుంది. లాగలేదు. అలాగే పట్టుకుని ఉండిపోయింది. చుట్టూ పది మంది పిల్లలు తొంగి చూస్తున్నారు. లైన్‌మన్ స్టూలు జరిపి, "కూర్చోండక్కా" అన్నాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఇది నేను చుట్టింది" అంది.

చెప్పగా చెప్పగా తెలిసింది. పదకొండేళ్ల కిందట ఆ రెసిస్టరు మాడిపోయింది. కొత్తది వేస్తూ, ముందు తీగను చుట్టి చూసి, పని చేస్తోందని నమ్మకం కుదిరాక అతుకుదామని టేపు వేసింది. కడ్డీ వేడెక్కుతోంది. అంతలో ఆఫీసు నుంచి కబురొచ్చింది, అత్తగారు స్నానాల గదిలో జారిపడిందని. కడ్డీ ప్లగ్గు లాగేసి పరుగెత్తింది. అత్తగారికి తుంటి ఎముక విరిగింది. నలభై రోజులు సెలవు. తిరిగొచ్చేసరికి పలక రేకు బిగించి గోడన వేలాడుతోంది. అతికే ఉంటాననుకుంది.

ఆ మాటతో నాకు గుర్తొచ్చింది. ఆ రోజు రేకూ, నాలుగు స్క్రూలూ బల్లమీద పడి ఉంటే, పోతాయేమోనని తీసి బిగించింది నేను. లోపలికి చూడలేదు. గట్టిగా నొక్కి బిగించాను. ఆ నొక్కుడుకే చుట్టు ఊడి ఉంటుంది. నోటిదాకా వచ్చింది చెబుదామని. పదిమంది ముందు నా నోరు పెగల్లేదు.

"ఏడాదికి అరవై మంది. పదకొండేళ్లు" అంది మీటరక్క. వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టబోయి ఆగిపోయింది. "ఆరు వందల అరవై మంది. ఒక్క మిల్లీ కూడా రాని చోట పది వచ్చిందని రాశారు. నేను రాయించాను. సార్లు సంతకాలు పెట్టారు."

"అయితే అక్కా, ఆ నియమం తప్పినట్టేనా?" అని అడిగాడు లైన్‌మన్.

ఆవిడ అతని కాగితం తీసి చూసింది. లోపలికి ఏడున్నర. బయటికి ఒకదాంట్లో ఏడున్నర, ఇంకోదాంట్లో సున్నా. వోల్టేజీ మూడూ తొమ్మిదీ కలిపి పన్నెండు. వేలితో ఒక్కొక్క అంకె కింద గీత గీసినట్టు జరుపుకుంటూ పోయింది.

"తప్పలేదు. తీగ తెగినా తప్పలేదు. వచ్చింది వచ్చినట్టే పోయింది. ఇన్నేళ్లూ సరిగ్గానే ఉంది తమ్ముడూ. ఉన్నదున్నట్టు రాస్తే ఎవరికైనా సరిపోయేది. సున్నా రాస్తే చాలు..."

అక్కడ మాట తెగిపోయింది. నా వైపు తిరిగింది. ఆ చూపు నేను మర్చిపోలేను.

"సున్నా రాసిన పిల్ల ఒకతి ఉంది" అంది.

నాకు గుర్తు లేదు. ఆవిడకు అన్నీ గుర్తున్నాయి. ఎనిమిదేళ్ల కిందట, ఏడాది చివరి ప్రాక్టికల్ పరీక్ష. పొడుగ్గా, పీలగా ఉండే అమ్మాయి. చీటీల్లో ఆమెకు ఈ ప్రయోగమే వచ్చింది. మూడో తీగ దగ్గర సున్నా వేసింది. అప్పటి పెద్దసారు, ఇప్పుడు రిటైరయ్యాడు, కాగితం చూసి మండిపడ్డాడు. "రెసిస్టరుండగా కరెంటు సున్నా ఎలా వస్తుంది? కళ్లు మూసుకుని రాశావా?" ఆ అమ్మాయి, "మీటరు అదే చూపిస్తోంది సార్, పలకలో ఏదో తేడా ఉంది" అంది. సారు మీటరక్కను పిలిచాడు. పలక ఎలా ఉందని అడిగాడు.

"నేనేమన్నానో తెలుసా?" అంది మీటరక్క, నా చెయ్యి గట్టిగా పట్టుకుని. "పలక బాగానే ఉంది సార్, పొద్దుటి నుంచి అందరికీ వస్తూనే ఉంది అన్నాను. అంతే అన్నాను. ఆ పిల్ల మళ్లీ కాలేజీకి రాలేదు."

బీరువా అడుగు అరలో, ఎవరూ వచ్చి తీసుకెళ్లని పాత రికార్డులు కుప్పగా పడి ఉంటాయి. చదువు మధ్యలో మానేసిన వాళ్లవి. మీటరక్క నేలమీద చతికిలబడి ఒక్కొక్కటే తీసింది. చీర నిండా దుమ్ము. గంటసేపటికి దొరికింది. మొదటి ప్రయోగం పేజీ. ఏడాది మొదట్లోనే, పరీక్షకు ఎంతో ముందే, ఆ అమ్మాయి అదే రాసి ఉంది. ఏడున్నర, ఏడున్నర, సున్నా. కింద, "నియమం సరిపోయింది" అని. దానిమీద ఎర్రసిరాతో అడ్డంగా కొట్టివేత. "తప్పు. మళ్లీ చేయాలి."

ఆ ఎర్రగీత కింద పెన్సిలుతో, చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది. చెరిపేద్దామని మొదలెట్టి వదిలేసినట్టు సగం మాసిపోయింది.

"మూడో తీగ లోపల ఊడిందేమో ఒకసారి చూస్తారా?"

మీటరక్క ఆ పుస్తకాన్ని మూసేసింది. వెంటనే మళ్లీ తెరిచింది. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ పెన్సిలు రాతనే చూస్తూ కూర్చుంది. బెల్లు కొట్టారు, పిల్లలు వెళ్లిపోయారు. వాచ్‌మన్ తలుపులు వెయ్యడానికి వస్తే నేనే పంపించేశాను.

ఇంటికి వెళ్లి ముద్ద ముట్టలేదట. సంగతి విన్న అత్తగారు చేతికర్ర పక్కన పెట్టిందట. "అయితే ఇదంతా నా తుంటి చేసిన పనా?" అందట. "నన్ను తీసుకెళ్లవే. తప్పు నా కోడలిది కాదు, నా కాలు జారడంలో ఉందని ఆ పిల్లకు నేనే చెప్తాను." అంత బాధలోనూ నవ్వొచ్చిందని మీటరక్క చెప్పింది. నవ్వాక మళ్లీ బాధ రెట్టింపయిందట.

మర్నాడు పొద్దున్నే మీటరక్క తీగ అతికింది. బీరువా తలుపు మీది అంకెల కాగితం చింపేసింది. ఇప్పటి సారు కుర్రవాడు, మంచివాడు. "బాగుచేసేశారుగా మేడం, ఇంకెందుకు తవ్వుకోవడం?" అన్నాడు. ఆవిడ వినలేదు. జరిగిందంతా రెండు పేజీలు రాసి ప్రిన్సిపాల్ బల్లమీద పెట్టింది. ఆయన చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇది మీరు ఇవ్వకపోతే నాకు తెలిసేది కాదు కదమ్మా" అన్నాడు. "అందుకే ఇచ్చాను సార్" అంది. వారం తిరక్కుండా ఆవిడకు మెమో వచ్చింది, సంజాయిషీ ఇమ్మని. ఇచ్చిన రెండు పేజీలే మళ్లీ శుభ్రంగా తిరగరాసి ఇచ్చింది.

పాత అడ్మిషన్ల రిజిస్టరులో అడ్రసు పట్టుకున్నాం. ఆ ఇల్లు మారిపోయారు. పక్కింటివాళ్లు, ఆ అమ్మాయి బస్టాండు వెనక లాండ్రీలో పనిచేస్తుందని చెప్పారు. ఒక ఆదివారం మీటరక్క బయల్దేరింది. నేనూ వస్తానన్నాను. బస్సులో నా పక్కన కూర్చుని రికార్డును ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు చెప్పాను, ఆ స్క్రూలు నేనే బిగించానని.

ఆవిడ నా వంక తిరిగి చూసింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. "ఇన్ని రోజులూ చెప్పలేదా?" అంది. అంతే.

లాండ్రీ ఇరుకు గది. పైన తీగల మీద పాలిథిన్ తొడుగుల్లో చొక్కాలు, కోట్లు. వెనకాల ఆవిరితో నడిచే పెద్ద ఇస్త్రీ యంత్రం. దాని ముందు ఒకామె, తలకు గుడ్డ కట్టుకుని, చొక్కా కాలరు పరుస్తోంది. మమ్మల్ని చూసి, "రసీదు తెచ్చారా?" అంది. తర్వాత మీటరక్క మొహం పరకాయించి చూసింది.

"మీరు... మీటరక్క కదూ?"

"అవునమ్మా. నీకో మాట చెప్పాలని వచ్చాను." ఒక అడుగు ముందుకేసింది. "ఆ రోజు పరీక్షలో నువ్వు రాసింది నిజం. పలక లోపల తీగ ఊడిపోయి ఉంది. అతక్కుండా వదిలేసింది నేను. మొన్ననే తెలిసింది."

ఆమె యంత్రం మూత కిందికి దించింది. దించి అలాగే మా వంక చూస్తూ నిలబడిపోయింది. బుస్సుమని ఆవిరి వచ్చింది. క్షణాలు గడిచాయి. గుడ్డ కమురు వాసన మాకు ముందు తగిలింది. లోపలి నుంచి యజమాని, "అమ్మాయ్! చొక్కా!" అని కేకేశాడు. ఆమె ఉలిక్కిపడి మూతెత్తింది. కాలరు మీద అరచేయంత గోధుమరంగు మచ్చ.

"ఏ రోజు?" అంది. ఏ రోజో తెలిసే అడిగిందని ఇద్దరికీ అర్థమైంది.

మీటరక్క రికార్డు తెరిచి బల్లమీద పెట్టింది. ఆమె చేతులు తుడుచుకుని వంగి చదివింది. ఎర్రగీత దగ్గర కాదు, పెన్సిలు రాత దగ్గర ఆగింది.

"ఇది నేను రాశానా?" అంది. "నాకు గుర్తే లేదు." పుస్తకం మీంచి తలెత్తింది. "మేడం, ఎనిమిదేళ్లయింది. మా ఇంట్లో బల్బు మార్చాలన్నా మా చెల్లెల్ని పిలుస్తాను. ఫ్యూజు పోతే చీకట్లోనే కూర్చుంటాను. నాకు కరెంటు అచ్చిరాలేదనుకున్నాను. నా కళ్లు నాకే అబద్ధం చెప్పాయనుకున్నాను. ఎదురుగా మీటరు కనపడుతున్నా లేనిది చూశాననుకున్నాను."

"తప్పు నాది తల్లీ."

"సారు అరిచినప్పుడు నేను మీ మొహం వంకే చూశాను." ఇప్పుడు గొంతు పెరిగింది. "మీరు చూస్తే తెలుస్తుంది కదా, మీకు అన్నీ తెలుసు కదా అని. మీరు నా వంక చూడలేదు. సారు వంక చూసి చెప్పారు."

నేను ముందుకొచ్చి, "రేకు బిగించింది నేనమ్మా" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మీరెవరు?" అంది. నిజమే, నేనెవర్ని? చెప్పుకోవడానికి సిగ్గేసింది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అని అడిగింది చివరికి.

"ఏమీ చెయ్యమనను. నీకు తెలియాలి. అందుకే వచ్చాను."

ఆమె రికార్డు మూసి, ఉతికిన దుప్పట్ల కట్ట కింద పెట్టి, ఇంకో చొక్కా తీసింది. మేం వచ్చేశాం. తిరుగు బస్సులో మీటరక్క ఒక్కటే అంది. "కోపంగా ఉంది. మంచిదే. నేనైతే ఆ యంత్రం తీసి నా నెత్తిన వేసుండేదాన్ని."

మూడు వారాలు గడిచాయి. ఒక గురువారం మధ్యాహ్నం, ల్యాబులో ఎవరూ లేని వేళ, ఆ అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ రోజు లాండ్రీకి సెలవట. చెప్పులు బయట విడవాలా లోపలికి రావాలా అన్నట్టు తటపటాయించింది. తర్వాత గబగబా అనేసింది.

"ఆ సున్నా నేను మళ్లీ చూడాలి."

మీటరక్క పలక దింపి, రేకు విప్పి, నెల కిందట ఎంతో శ్రద్ధగా అతికిన తీగను కడ్డీతో కరిగించి ఊడదీసింది. మళ్లీ రేకు బిగించి పక్కకు తప్పుకుంది. ఒక్క వైరు కూడా అందివ్వలేదు.

ఆ అమ్మాయి ముప్పావుగంట తీసుకుంది. ఒక వైరు రెండుసార్లు జారి కిందపడింది. స్విచ్చి వెయ్యబోయి మూడుసార్లు చెయ్యి వెనక్కి తీసుకుంది. వేసింది. ఏడున్నర. ఏడున్నర. మూడో మీటరు కదల్లేదు.

ఆమె వంగి, మీటరు అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. చెక్కల అడ్డు దగ్గర నిలబడి చూస్తున్న నాకు ఆమె భుజాలు కనపడుతున్నాయి. ఒక్కసారిగా రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఇదే. నేను చూసింది ఇదే" అంది. "ఉంది. నిజంగానే ఉంది."

చాలాసేపటి తర్వాత కన్నీళ్లు తుడుచుకుని, ఇప్పుడు అతకమంది. మీటరక్క కడ్డీ ఆమె చేతికే ఇచ్చింది. మొదటి అతుకు ఉండలా వచ్చింది. "తీసెయ్, మళ్లీ చెయ్" అంది మీటరక్క. రెండోది నిలిచింది. స్విచ్చి వేసేసరికి మూడో ముల్లు సర్రున పది మీదికి ఎగిరింది. దాన్ని చూసి ఆ అమ్మాయి భయపడినట్టు వెనక్కి తుళ్లింది. ఆ ముల్లు కదలడం ఆమె అదే మొదటిసారి చూడడం.

చదువు సంగతి ప్రిన్సిపాల్‌ను అడిగాం. గడువు దాటిపోయిందన్నాడు, చేరాలంటే మళ్లీ మొదటి ఏడాది నుంచే అన్నాడు. ఆమె ఆలోచిస్తానంది. ఇంకా ఆలోచిస్తూనే ఉంది. మేం తొందరపెట్టలేదు. తొందరపెట్టే మొహం మాకు లేదు.

లైన్‌మన్ పాసయ్యాడు. మెమో మీద విచారణ ఇంకా తేలలేదు. సెలవులిచ్చాక మీటరక్క ల్యాబులో అన్ని ప్రయోగాలకూ కలిపి ఉన్న పద్నాలుగు పలకలూ బల్లల మీద బోర్లా పరిచి, ఒక్కొక్కటే విప్పడం మొదలెట్టింది. ఈసారి నేనూ పక్కనే కూర్చున్నాను, లోపలికి చూడకుండా ఒక్క స్క్రూ కూడా బిగించకుండా. పన్నెండు బాగున్నాయి. పదమూడోది విప్పగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. లోపల రెండు తీగలు ఒకదాని చోట ఒకటి కలిపి ఉన్నాయి. చక్కగా, మెరుస్తూ, ఫ్యాక్టరీలో అతికిన అతుకులు. కొన్న రోజు నుంచీ అలాగే ఉంది.

"ఇది నీది కాదు కదక్కా" అన్నాను, ఊరడించబోయి.

ఆవిడ ఊరడిల్లలేదు. ఆ పలక వంకే చూస్తూ, "దీంతో ఎవరెవరు ఫెయిలయ్యారో చూడాలి. ఆ అడుగు అర తియ్యి" అంది.